అద్దె వాహనాలు, పుస్తకాల సరఫరా టెండర్లు: పరిశీలించవలసిన అంశాలు

ప్రభుత్వ నిర్మాణ పనుల టెండర్లపై జరిగినంత చర్చ చిన్న కొనుగోళ్లపై జరగదు. అధికారుల క్షేత్ర పర్యటనలకు నెలవారీ అద్దెపై తీసుకునే కారు, శాఖా గ్రంథాలయానికో పాఠశాలకో చేరే పుస్తకాల కట్టలు ఏ జిల్లాలో చూచినా ఏటా ఉండే ఖర్చులే. ఒక్కొక్కటిగా చూస్తే మొత్తం చిన్నది. అయితే కారు సమయానికి రాకపోతే ఆగేది తనిఖీ లేదా వైద్య శిబిరం. పిల్లలకు పనికిరాని పుస్తకాలు వస్తే ఆ ఏటి నిధి బీరువాలో మూతపడినట్లే.

ఈ రెండు రకాల టెండర్లపై వెలువడే విమర్శ చాలావరకు ఒకే తీరున ఉంటుంది: తక్కువ ధర వేసిన వారిని కాదని ఎక్కువ ధర వేసిన వారికి పని అప్పగించారని. కొన్ని సందర్భాలలో ఆ విమర్శ సరైనదే. మరికొన్ని సందర్భాలలో 'తక్కువ' అన్నది దేనిపై లెక్కించారో చూడకపోవడం వల్ల వచ్చినది. వాహనం విషయంలో ధర ఎవరికి వారు వేయవచ్చు గాని, అందించవలసిన సేవను ముందుగా కచ్చితంగా నిర్ణయించాలి. పుస్తకం విషయంలో ధర ముందే అచ్చయి ఉంటుంది. నిర్ణయించవలసినది ఏ పుస్తకమన్నది. ఈ తేడాను గుర్తించకుండా రెండింటికీ ఒకే నమూనా పత్రం వాడటం వల్లనే అనేక వివాదాలు తలెత్తుతున్నాయి.

ప్రకటన, నిబంధనలు

ఆంధ్రప్రదేశ్‌లో ఇ-ప్రొక్యూర్‌మెంట్ విధానం 2003లో ప్రారంభమైనది. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగిన తరువాత రెండు రాష్ట్రాలు వేర్వేరు ఇ-ప్రొక్యూర్‌మెంట్ వేదికలను నడుపుతున్నాయి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు 2016లో ప్రారంభమైన ప్రభుత్వ ఇ-మార్కెట్, అనగా జెమ్ వేదిక ద్వారా కొనుగోలు చేస్తున్నాయి. నెలవారీ ట్యాక్సీ అద్దె సేవ కూడా అందులో లభిస్తున్నది. పత్రికలలో వచ్చే టెండరు ప్రకటన సాధారణంగా సంక్షిప్త రూపమే. అడుగున ఆర్.ఓ. సంఖ్యతో కనిపించే ఆ నాలుగు పంక్తులను చూచి షరతులపై అభిప్రాయానికి రావడం తగదు. అర్హతలు, ధరల పట్టిక, పరిశీలన పద్ధతి అన్నీ పూర్తి టెండరు పత్రంలోనే ఉంటాయి. తరువాత జారీ అయిన సవరణలు కూడా ఆ పత్రంలో భాగమే.

రాష్ట్ర శాఖల ఖర్చులకు ఆర్థిక నియమావళి, దానిపై ఆర్థిక శాఖ జారీ చేసే ఉత్తర్వులు ఆధారం. కేంద్ర కార్యాలయాలకు 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనలు వర్తిస్తాయి. ఆ నిబంధనలు వెలువడిన నాడు 25 లక్షల రూపాయలు, అంతకు మించిన అంచనా విలువ గల కొనుగోళ్లకు బహిరంగ ప్రకటన తప్పనిసరి అని, ప్రకటన వెలువడిన నాటి నుంచి టెండర్ల దాఖలుకు కనీసం 3 వారాల గడువు ఇవ్వాలని పేర్కొన్నారు. ఇటువంటి ద్రవ్య పరిమితులను ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు సవరిస్తుంటాయి గనుక, పరిశీలించే టెండరు నాటికి ఏ ఉత్తర్వు అమలులో ఉన్నదో సరిచూచుకోవలసి ఉంటుంది. పరిమితి ఎంతైనా, పై అధికారి మంజూరును తప్పించుకోవడానికి ఒకే అవసరాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టడం నిషిద్ధం. ఒకే కార్యాలయం ఒకే నెలలో ఒకే దుకాణం నుంచి పరిమితికి కొద్దిగా తక్కువగా నాలుగు పుస్తకాల బిల్లులు చేసిందంటే ఆడిట్ దృష్టి మొదట అక్కడే పడుతుంది.

ఎన్నికల సమయంలో వాహనాల సేకరణ వేరు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 160వ సెక్షన్ ప్రకారం వాహనాలను అధికారికంగా స్వాధీనం చేసుకుంటారు. 161వ సెక్షన్ కింద పరిహారం చెల్లిస్తారు. ఇది టెండరు కాదు. వీటి బిల్లులను సాధారణ అద్దె బిల్లులతో కలిపి పోల్చరాదు.

అద్దె వాహనం: ధర వెనుక ఉన్న లెక్క

అద్దె వాహనాల టెండరులో మొదట చూడవలసినది ధర కాదు, కొలమానం. నెలకు ఎన్ని కిలోమీటర్లు, రోజుకు ఎన్ని గంటలు, ఇంధనం ఎవరిది, అదనపు కిలోమీటరుకు ఎంత, టోల్ రుసుము, డ్రైవరు రాత్రి బత్తా అద్దెలో కలిసినవా కావా, వాహనం షెడ్డు నుంచి కార్యాలయానికి వచ్చే దూరం లెక్కలోకి వస్తుందా రాదా అన్నవి పత్రంలో స్పష్టంగా ఉండాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక టెండరుదారు నెలకు 2,500 కిలోమీటర్లకు 34,000 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 14 రూపాయలు అని కోట్ చేశాడు. రెండవ వ్యక్తి 2,000 కిలోమీటర్లకు 31,000 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 16 రూపాయలు అన్నాడు. నెల అద్దె మాత్రమే చూస్తే రెండవ వ్యక్తిది తక్కువ. వాహనం నిజంగా 2,500 కిలోమీటర్లు తిరిగితే అతనికి చెల్లించవలసినది 39,000 రూపాయలు. 1,800 కిలోమీటర్లు మాత్రమే తిరిగే కార్యాలయమైతే అతనే చౌక. గడచిన ఏడాది లాగ్ పుస్తకాల నుంచి సగటు తీసి, అంచనా దూరాన్ని పత్రంలో ముందుగానే ప్రకటించి ఉంటే ఈ ప్రశ్నే ఉదయించదు. ప్రకటించనప్పుడు, ధరలు తెరచిన తరువాత కమిటీ ఎంచుకునే ఏ కొలమానమైనా ఎవరో ఒకరికి అనుకూలంగానే కనిపిస్తుంది.

మరీ తక్కువ ధర వచ్చినప్పుడు సంతోషించడానికి ముందు ఇంధనం లెక్క వేయడం మంచిది. లీటరుకు 12 కిలోమీటర్లు నడిచే వాహనం 2,500 కిలోమీటర్లు తిరగడానికి దాదాపు 208 లీటర్ల డీజిలు కావాలి. లీటరు 95 రూపాయలు అనుకుంటే ఇంధనానికే సుమారు 19,800 రూపాయలు. నెలకు 27,000 రూపాయలకు ఒప్పుకున్న యజమానికి ఇక మిగిలేది 7,200 రూపాయలు. అందులోనే డ్రైవరు జీతం, బీమా, పన్ను, మరమ్మతులు, బ్యాంకు వాయిదా. ఈ లెక్క కుదరదు. కుదరని లెక్కను ఎక్కడో ఒకచోట సరిచేయవలసి వస్తుంది. తిరగని కిలోమీటర్లు లాగ్ పుస్తకంలో చేరతాయి. లేదా డ్రైవరుకు జీతం అందదు. లేదా మూడవ నెలలో వాహనం రావడం మానేస్తుంది. అసాధారణంగా తక్కువ ధర వచ్చినప్పుడు టెండరుదారు నుంచి ధర విశ్లేషణను లిఖితపూర్వకంగా కోరవచ్చునని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ కొనుగోళ్ల మార్గదర్శిక సూచిస్తున్నది. వివరణ కోరినట్లు ఫైలులో కాగితం ఉన్నదా అన్నది పాత్రికేయులు అడగదగిన ప్రశ్న.

వాహనపు అర్హత విషయానికి వస్తే, అద్దెకు నడిచేది రవాణా వాహనంగా రిజిస్టరై, పర్మిట్ కలిగి ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం డ్రైవరు కాక ఆరుగురు ప్రయాణికుల వరకు ఎక్కించుకునేది మోటార్ క్యాబ్, ఆరుగురికి మించి పన్నెండుగురి వరకు అయితే మ్యాక్సీ క్యాబ్. నంబరు పలక పసుపు, అక్షరాలు నలుపు. విద్యుత్ రవాణా వాహనానికి ఆకుపచ్చ పలకపై పసుపు అక్షరాలు. తెల్ల పలక గల సొంత కారును కార్యాలయం అద్దెకు తీసుకోవడం పర్మిట్ నిబంధనకు విరుద్ధం. ప్రమాదం జరిగిన నాడు బీమా పరిహారంపై వివాదానికి అదే దారి తీస్తుంది. అధికారి తన సొంత వాహనాన్నే బంధువు పేరిట అద్దెకు పెట్టుకున్నారన్న ఆరోపణ వచ్చినప్పుడు కూడా మొదట చూడవలసినవి పలక రంగు, రిజిస్ట్రేషన్ పత్రం, అద్దె సొమ్ము జమ అయిన ఖాతా.

డ్రైవరు లైసెన్సు షరతులో ఇటీవలి మార్పు ఒకటి ఉన్నది. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు గలవారు 7,500 కిలోల లోపు బరువు గల రవాణా వాహనాన్ని ప్రత్యేక ఆమోదం లేకుండానే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్పు ఇచ్చింది. పాత నమూనా పత్రాలలోని ప్రత్యేక ఆమోదం షరతును యథాతథంగా కొనసాగించే ముందు కార్యాలయాలు ఆ తీర్పును చూడవలసి ఉన్నది.

వాహన నంబర్లను సరిచూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి 1996లో వెలుగు చూచిన బిహార్ పశుదాణా కుంభకోణమే చాలు. పశువులను, దాణాను తరలించినట్లు బిల్లులలో చూపిన వాహనాలలో స్కూటర్ల నంబర్లు కూడా ఉన్నట్లు ఆడిట్‌లో బయటపడింది. నేడు రవాణా శాఖ పరివాహన్ సేవలో నంబరు ఇచ్చి వాహన తరగతి, ఫిట్‌నెస్, బీమా గడువులను కొద్ది నిమిషాలలో తెలుసుకోవచ్చు. బిల్లు చెల్లించే ముందు ఈ పని చేయడానికి ప్రత్యేక ఉత్తర్వు ఏదీ అవసరం లేదు.

పుస్తకాలు: రాయితీ ఒక్కటే కొలత కాదు

పుస్తకాల టెండరును వాహనాల టెండరు వలె చదవడం పెద్ద పొరపాటు. గ్రంథాలయ పుస్తకాల స్థితి ఇతర సామగ్రి కంటే భిన్నమైనదని, పేరున్న విక్రేతల నుంచి వాడుకలో ఉన్న షరతులపై కొనవచ్చునని, అందుకు టెండర్లు పిలవనవసరం లేదని 1984లోనే కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ స్పష్టం చేసింది. కారణం సులభం. ఒక నవల లేదా నిఘంటువు ఒకే ప్రచురణకర్తది. దానికి బదులు మరొకటి చౌకగా దొరికిందని కొనడం కుదరదు. సాహిత్య అకాడెమీ, నేషనల్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థల ప్రచురణలను నేరుగా వారి నుంచే తెప్పించుకోవచ్చు. ఎక్కువ సంఖ్యలో, అనేక ప్రచురణకర్తల పుస్తకాలు ఒకే చోటి నుంచి కావలసినప్పుడు మాత్రం సంస్థలు సరఫరాదారు కోసం టెండరు పిలుస్తున్నాయి. అక్కడ పోటీ పుస్తకం ధరపై కాదు, ముద్రిత ధరపై ఇచ్చే రాయితీపై.

రాయితీ శాతం కంటిని మోసగిస్తుంది. ముద్రిత ధర 150 రూపాయలు గల పుస్తకం 10 శాతం రాయితీతో 135 రూపాయలకు వస్తుంది. అన్నే పుటలు గల మరొక పుస్తకంపై 400 రూపాయల ధర అచ్చు వేసి 60 శాతం రాయితీ ఇచ్చినా 160 రూపాయలు. ప్రభుత్వ కొనుగోళ్ల కోసమే ధర పెంచి ముద్రించిన పుస్తకాలు, పాత కూర్పు ధరపై కొత్త చీటీ అంటించినవి, గిడ్డంగిలో మిగిలిపోయినవి అధిక రాయితీ చాటున గ్రంథాలయాలకు చేరే ప్రమాదం ఉన్నది. అందువల్ల శీర్షికల జాబితా ముందు, టెండరు తరువాత అన్న క్రమం ముఖ్యం. జాబితా లేకుండా '5 లక్షల రూపాయల విలువ గల పుస్తకాలు' అని పిలిచిన టెండరులో ఎంపిక అధికారం ఆచరణలో సరఫరాదారు చేతికి పోతుంది. ఏ పుస్తకాలన్నది పాఠకుడు గాని, ఉపాధ్యాయుడు గాని, ఎంపిక సంఘం గాని నిర్ణయించరు.

రాష్ట్రంలో పౌర గ్రంథాలయాలకు 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఆధారం. స్థానిక సంస్థలు ఇంటి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసే గ్రంథాలయ పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థల ప్రధాన వనరు. 1972లో ఏర్పడి కోల్‌కతా కేంద్రంగా పనిచేస్తున్న రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ రాష్ట్ర వాటాకు జత నిధి ఇచ్చి పుస్తకాలు సమకూరుస్తుంది. పాఠశాలలకు 2018లో ప్రారంభమైన సమగ్ర శిక్ష కింద స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల వరకు గ్రంథాలయ నిధికి వీలు కల్పించారు. ఒక్కొక్క బడికి ఇది చిన్న మొత్తం. రాష్ట్ర స్థాయిలో ఒకే జాబితాతో కొంటే పెద్ద టెండరు. అప్పుడు జాబితా తయారు చేసిన సంఘంలో ఎవరున్నారు, ప్రచురణకర్తలకు నమూనా ప్రతులు పంపే గడువు ఎంత ఇచ్చారు అన్నవి రాయితీ శాతం కంటే ముఖ్యమైన ప్రశ్నలు.

పలు వర్గాల పుస్తకాలకు వేర్వేరు రాయితీలు అడిగిన టెండర్లలో మరొక చిక్కు ఉన్నది. 8 లక్షల తెలుగు పుస్తకాలు, 2 లక్షల ఇంగ్లీషు పుస్తకాలు కావాలనుకుందాం. మొదటి విక్రేత తెలుగుకు 20 శాతం, ఇంగ్లీషుకు 30 శాతం రాయితీ ఇస్తానన్నాడు. రెండవ విక్రేత తెలుగుకు 15, ఇంగ్లీషుకు 45 శాతం అన్నాడు. శాతాల సగటు తీస్తే మొదటివారిది 25, రెండవవారిది 30; రెండవవారే మేలు. రూపాయలలో చూస్తే మొదటివారు ఇచ్చే రాయితీ 2 లక్షల 20 వేలు, రెండవవారిది 2 లక్షల 10 వేలు, మొదటివారే మేలు. వర్గాల వారీ అంచనా మొత్తాన్ని పత్రంలో ముందే ప్రకటించని కార్యాలయానికి రెండు జవాబులూ సరైనవే అవుతాయి. వివాదం కోర్టుకు చేరేది ఇటువంటి చోటనే.

విదేశీ పుస్తకాలపై మారకపు రేటు ఏ తేదీది, ఏ సంస్థ ప్రకటించినది అన్నది రాసి ఉండాలి. భారతీయ పుస్తక వ్యాపారంలో గుడ్ ఆఫీసెస్ కమిటీ పేరిట వాడుకలో ఉన్న షరతులను చాలా గ్రంథాలయాలు ప్రమాణంగా తీసుకుంటాయి. ముద్రిత పుస్తకాలపై జీఎస్టీ లేదు. పుస్తకాల బిల్లులో ఆ పన్ను కనిపిస్తే వివరణ కోరాలి.

పుస్తకాలు చేరిన తరువాత జాబితాతో, కూర్పుతో, ముద్రిత ధరతో పోల్చి నమోదు పుస్తకంలో ఎక్కించిన పిదపనే బిల్లు చెల్లించాలి. నిల్వ తనిఖీకి కూడా నియమం ఉన్నది. కేంద్ర నిబంధనల ప్రకారం 20,000 సంపుటాల వరకు గల గ్రంథాలయంలో ఏటా పూర్తి తనిఖీ జరగాలి. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన లేదా వారు సంప్రదించిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు పోవడం, నిర్లక్ష్యం గాని అక్రమం గాని లేనప్పుడు, సహజ నష్టంగా పరిగణిస్తారు. గ్రంథపాలకులు పుస్తకం పోతుందేమోనన్న భయంతో బీరువాలకు తాళం వేయనవసరం లేదని చెప్పే నియమమిది. ఇది చాలామందికి తెలియకపోవడం విచారకరం.

ధరావతు, మినహాయింపులు

టెండరుదారు మధ్యలో తప్పుకోకుండా తీసుకునే హామీ సొమ్ము ధరావతు. కేంద్ర నిబంధనలలో ఇది అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. 2012 నాటి సూక్ష్మ, చిన్న సంస్థల కొనుగోలు విధానం కింద కేంద్ర శాఖల టెండర్లలో ఆ సంస్థలకు ధరావతు మినహాయింపు ఉన్నది. అయితే అది ఉత్పత్తిదారులకు, సేవలందించేవారికి మాత్రమే, వ్యాపారులకు వర్తించదు. వాహనాన్ని అద్దెకు నడిపే చిన్న యజమాని సేవాదారుడు గనుక మినహాయింపు పొందగలడు. పుస్తక విక్రేత వ్యాపారి గనుక పొందలేడు. ఒకే కార్యాలయం ఒకరికి ఇచ్చి మరొకరికి నిరాకరించిందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ భేదం గుర్తుంచుకోవాలి.

పన్ను విషయంలోనూ జాగ్రత్త అవసరం. సేవల వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటని యజమాని సాధారణంగా జీఎస్టీ నమోదు చేసుకోనవసరం లేదు. అతడు పన్ను లేని ధర వేస్తాడు. ఏజెన్సీ పన్నుతో కలిపి వేస్తుంది. పోల్చేది పన్నుతోనా, పన్ను లేకుండానా అన్నది పత్రంలోనే ఉండాలి. పన్ను వర్తించే సరఫరాలలో ఒప్పందం విలువ 2.5 లక్షల రూపాయలు దాటితే ప్రభుత్వ కార్యాలయం 2 శాతం జీఎస్టీని మూలంలోనే మినహాయించాలి. ఈ నిబంధన 2018 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్నది.

వాహన యజమానులకు బిల్లులు నెలల తరబడి ఆగిపోవడం తరచుగా వినిపించే ఫిర్యాదు. కారుపై బ్యాంకు వాయిదా నెలనెలా కట్టవలసిన వ్యక్తికి ఇది చిన్న సమస్య కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు చెల్లింపు 45 రోజులు దాటరాదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ నెలవారీగా లెక్క కట్టవలసి ఉంటుంది. చెల్లింపులో జాప్యం జరిగే కార్యాలయానికి మరుసటి ఏడు వచ్చే టెండర్లలో ధర పెరగడం, లేదా టెండర్లే రాకపోవడం సహజం.

టెండర్లు తెరచిన తరువాత

సాంకేతిక, ధరల కవర్లు విడివిడిగా ఉన్నప్పుడు సాంకేతిక అర్హత లేని వారి ధర కవరు తెరవరు. అందువల్ల 'తక్కువ ధరను పక్కన పెట్టారు' అన్న మాట అటువంటి వారి విషయంలో పొసగదు. అడగవలసినది అర్హత నిరాకరణకు చూపిన కారణం. ప్రకటించిన అర్హతను ఒకరి కోసం సడలించే అధికారం కూడా కార్యాలయానికి లేదు. బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంటు టెండరుకు సంబంధించిన రమణ దయారాం శెట్టి కేసులో సుప్రీంకోర్టు 1979లో ఈ సూత్రాన్ని నిర్ధారించింది. నిర్ణయం సరైనదా కాదా అని కాక, నిర్ణయానికి వచ్చిన తీరును మాత్రమే న్యాయస్థానం పరిశీలిస్తుందని 1994లో టాటా సెల్యులార్ కేసులో పేర్కొన్నది.

ఒకే టెండరు రావడం అక్రమానికి రుజువు కాదు. తగినంత ప్రచారం, గడువు ఇచ్చి, షరతులు మితిమీరకుండా ఉండి, ధర సహేతుకమైనప్పుడు ఒంటరి టెండరును ఆమోదించవచ్చునని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో జారీ చేసిన సూచనలు చెబుతున్నాయి. టెండర్ల తరువాత ధర తగ్గింపు సంప్రదింపులను కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1998లో నిషేధించింది. తక్కువ ధర వేసిన వారితో మాత్రం, అదీ ప్రత్యేక పరిస్థితులలోనే అనుమతిస్తున్నది. రెండవ, మూడవ స్థానాల వారిని పిలిచి మాట్లాడినట్లు ఫైలులో ఉంటే అది ప్రశ్నించదగినదే.

టెండరు పత్రం, సవరణలు, సాంకేతిక పరిశీలన నివేదిక, ధరల పోలిక పట్టిక, ఒప్పందం, లాగ్ పుస్తకం లేదా పుస్తకాల నమోదు పుస్తకం: ఒక కథనానికి కావలసిన కాగితాలు ఇవే. ఇ-ప్రొక్యూర్‌మెంట్ వేదికలో కొన్ని నేరుగా లభిస్తాయి. మిగిలినవి సమాచార హక్కు చట్టం, 2005 కింద కోరవచ్చు. వాణిజ్య గోప్యతకు చట్టంలోని 8(1)(డి) సెక్షన్ మినహాయింపు ఇస్తున్నప్పటికీ, విస్తృత ప్రజాప్రయోజనం ఉన్నప్పుడు సమాచారం ఇవ్వవలసినదిగా అదే సెక్షన్ చెబుతున్నది. దరఖాస్తు రుసుము గ్రామ స్థాయి కార్యాలయాలలో లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాలలో 10 రూపాయలు. సమాధానం ఇవ్వడానికి గడువు 30 రోజులు.